యార్డు గుమస్తాకు ఏ ఇంగ్లీషు మాటలు ముందు?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత గుంటూరులో బీకాం చదివాను. ఇప్పుడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. ఎగుమతి కంపెనీలో ఉద్యోగం చూసుకోవాలని ఆశ. అందుకని 3000 ఇంగ్లీషు మాటల జాబితా పుస్తకం కొన్నాను. ప్రతి మాటకీ తెలుగు అర్థం, తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ, పక్కన సులభం, మధ్యమం, కఠినం అని ఒక గుర్తు, ఆ పక్కన ఏ1, బీ2 లాంటి ఇంకో గుర్తు ఉన్నాయి. సులభమైనవి ఎలాగూ వచ్చు కదా అని కఠినం నుంచే మొదలుపెట్టి రోజుకు 50 మాటలు బట్టీ పడుతున్నాను. వారం తిరిగేసరికి సగం కూడా గుర్తుండటం లేదు. మొన్న ఒక ఎగుమతి కంపెనీ ఆయన ఫోన్లో 'కన్‌సైన్‌మెంట్' సంగతి అడిగారు. నా పుస్తకంలో అది 'కాన్సిగ్నమెంట్' అని ఉంది. ఆయన అన్నది ఆ మాటేనని నాకు తట్టలేదు. ఫోను మా షావుకారుకి ఇచ్చేశాను. చాలా చిన్నతనం అనిపించింది. ఆ గుర్తులకు అర్థం ఏమిటి? ఏ మాటలు ముందు నేర్చుకోవాలి? ఉచ్చారణ తెలుగులో రాసుకోవడం తప్పా? మా చెల్లెలు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, తనకీ ఇదే పుస్తకం సరిపోతుందా?

— ఒక గుమస్తా, గుంటూరు

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ ఫోను సంగతి మాట్లాడుకుందాం. ఆ మాట నీకు వచ్చు. పంపిన సరుకు అని అర్థమూ తెలుసు. నీకు అందింది తప్పుడు ఉచ్చారణ. చూసి చదివిన మాట వేరుగా, విన్న మాట వేరుగా ఉంటే చెవి ఆ రెంటినీ కలుపుకోలేదు. అది ఎవరికైనా అంతే. ఇందులో నువ్వు చిన్నతనం పడాల్సింది ఏమీ లేదు.

ఆ మాటలో 'జీ' అక్షరం పలకదు. సైన్, డిజైన్, ఫారిన్ అనే మాటల్లోనూ స్పెల్లింగులో జీ ఉంటుంది, నోట్లో ఉండదు. నీకు సైన్, డిజైన్ ఎప్పటినుంచో తెలుసు కాబట్టి కన్‌సైన్‌మెంట్‌ని ఆ వరసలో చేర్చుకుంటే ఇక మరిచిపోవు. ఇంకో సంగతి, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఆ మాటలో 'సైన్' దగ్గర గొంతు పెంచి, ముందున్న 'కన్'ను దాదాపు మింగేస్తారు. ఫోన్లో వినిపించేది 'క్‌సైన్‌మంట్' లాంటిది. జాబితాలో 'కాన్' అని దీర్ఘం పెట్టి రాసినవాళ్లు నీ చెవిని మాటకు అవతలి కొసన నిలబెట్టారు.

ఇక గుర్తులు. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు. యూరప్ దేశాల కూటమి అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన చట్రం ఇది. ఒక భాష నేర్చుకుంటున్న మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడు, ఆ మెట్టు మీద ఏమేం చేయగలడు అని చెప్పడానికి చేశారు. తన పేరు చెప్పుకుని ధర అడగగలగడం ఏ1 పని. తన వృత్తి గురించి మరీ తడుముకోకుండా చర్చించగలగడం బీ2 పని. గమనించు, ఈ గుర్తులు మొదట మనుషులకు పెట్టినవి, మాటలకు కాదు. తర్వాత నిఘంటువులవాళ్లు ఏ మెట్టు మీది విద్యార్థికి ఏ మాట కావాలో లెక్క చూసి మాటలకూ తగిలించారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 3000 మాటల జాబితా ఏ1 నుంచి బీ2 దాకా పోతుంది. దాని మీద ఇంకో 2000 మాటలు బీ2, సీ1 మెట్లవి. కేంబ్రిడ్జి వాళ్లు ప్రపంచమంతటా విద్యార్థులు పరీక్షల్లో రాసిన కాగితాలు పోగేసి, ఏ మెట్టు వాళ్లు నిజంగా ఏ మాట వాడుతున్నారో చూసి గుర్తు పెట్టారు. రెండూ కష్టపడి చేసిన పనులే, నమ్మొచ్చు.

కానీ ఆ గుర్తు చెప్పేది మాట ఎంత తరచుగా వస్తుంది, ఎప్పుడు కావాల్సి వస్తుంది అన్నదే. నీకు ఎంత కష్టమో అది చెప్పదు. పైగా మంచి జాబితాల్లో గుర్తు మాటకు కాక అర్థానికి ఉంటుంది. 'రన్' అంటే పరుగెత్తడం మొదటి మెట్టు. అదే 'రన్' వ్యాపారం నడపడం అనే అర్థంలో పైమెట్టుకు పోతుంది. 'వుయ్ ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ తేజ' అంటే తేజ రకం సరుకు అయిపోవస్తోందని. అది వింటే 'రన్ నాకు వచ్చు' అనుకున్నవాడు తెల్లబోతాడు. నీ పుస్తకం మాటకొకటే గుర్తు వేసింది కాబట్టి ఇదంతా అందులో కనపడదు.

ఇక సులభం, మధ్యమం, కఠినం అనే మూడు గుర్తుల మాట. ఇవి ఏ సంస్థా నిర్ణయించినవి కావు. ఏ పుస్తకానికి ఆ పుస్తకం తనకు తోచినట్టు వేసుకుంటుంది. చాలావాటిలో పొడుగు మాట కఠినం, పొట్టి మాట సులభం అయి కూర్చుంటుంది. నీ పుస్తకంలో ఆ గడిని కొట్టేసెయ్యి. నష్టం లేదు.

నిజానికి తెలుగువాళ్లకు పెద్ద చిక్కు సులభం అని గుర్తు పెట్టిన మాటల్లోనే ఉంది. ఎందుకంటే వాటిలో వందలకొద్దీ మన ఇంట్లోకి వచ్చేసి, మన అర్థం తొడుక్కుని, మన ఉచ్చారణతో తిరుగుతున్నాయి. కరెంటు పోయింది అంటాం. ఇంగ్లీషువాడికి 'కరెంట్' అంటే ఎక్కువసార్లు 'ప్రస్తుతం ఉన్న' అని అర్థం. 'కరెంట్ ప్రైస్' అంటే ఇవాళ్టి ధర. కవరు అంటే మనకు ప్లాస్టిక్ సంచి, వాళ్లకు మూత, ముసుగు. హోటల్లో భోంచేశాం అంటే వాళ్లకు పడుకునే హోటలే తోస్తుంది. యార్డులో 'పార్టీ వచ్చాడు' అంటే కొనేవాడు వచ్చాడని. విదేశీ కొనుగోలుదారుతో అలా అంటే ఏ రాజకీయ పార్టీయో, ఏ విందో అనుకుంటాడు. అక్కడ 'బయ్యర్' అనాలి. ఏసీ కాయలు అన్నది మన యార్డు మాట. 'ఏసీ చిల్లీస్' అని రాస్తే బయటివాళ్లకు అర్థం కాదు, 'కోల్డ్ స్టోరేజ్ స్టాక్' అని రాయాలి. లాటు అంటే మనకు ఒక రాశి. ఇంగ్లీషు వ్యాపారంలోనూ ఆ అర్థం ఉంది, కానీ 'ఎ లాట్' అంటే చాలా అని. ఈ మాటలన్నీ వచ్చు అనుకుని వదిలేస్తాం, అందుకే ఎన్నేళ్లు గడిచినా సరిదిద్దుకోం.

కాబట్టి నీకు కావాల్సిన వరస నువ్వే వేసుకోవాలి. ఇందుకు ముందు దారి వేసినవాడు మన ఉపఖండంలోనే పనిచేశాడు, ఆ సంగతి చెప్పాలని ఉంది. మైకేల్ వెస్ట్ అని, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపాడు. బెంగాలీ పిల్లలు పాఠ్యపుస్తకాల్లో ఎడాపెడా వచ్చే అరుదైన మాటలతో కుస్తీ పడుతూ అక్కరకొచ్చే మాటలు నేర్చుకోలేకపోవడం చూశాడు. తరచుగా వచ్చే మాటలు ముందు, మిగతావి తర్వాత అనే పద్ధతిలో వాచకాలు రాశాడు. 1935లో ఆయన ఇంకొకరితో కలిసి చేసిన నిఘంటువు 1490 మాటలు మాత్రమే వాడి దాదాపు 24 వేల మాటలకూ పదబంధాలకూ అర్థాలు చెప్పింది. 1953లో ఆయన సుమారు 2000 మాటల జాబితా వేశాడు. మామూలు ఇంగ్లీషు రచన ఏది తీసుకున్నా అందులో నూటికి 80 మాటలు ఆ జాబితాలోని మాటలో, వాటినుంచి పుట్టిన మాటలో, అంటే ఆ మాటల కుటుంబాల్లోవే అని తర్వాత లెక్కలు కట్టారు. నీకు దీని అర్థం ఏమిటంటే, ఆ 2000 మాటలకు వాటి ముఖ్యమైన రెండు మూడు అర్థాలతో సహా పట్టు రానిదే మిగతా వెయ్యీ నిలబడవు. నీ పుస్తకంలో ఏ1, ఏ2 గుర్తులున్న పేజీలు తిరగెయ్యి. తెలిసిన మాట అని దాటెయ్యకుండా, దానితో పని మీద వాడే వాక్యం ఒకటి అప్పటికప్పుడు చెప్పగలవా అని చూసుకో. చెప్పలేకపోతే ఆ మాట నీకు ఇంకా రాలేదన్నమాట.

రెండో దొంతర నీ వృత్తిది. దీనికి మెట్టు గుర్తులు చూడకు. ఎక్స్‌ట్రేనియస్ అనే మాట ఏ జాబితాలోనైనా చివరి పేజీల్లో ఉంటుంది. కానీ మిర్చి గ్రేడు కాగితాల్లో 'ఎక్స్‌ట్రేనియస్ మ్యాటర్' అని ఉంటుంది, అంటే కాయల్లో కలిసిన మట్టి, ఆకు, పుల్ల. నీకది మొదటివారంలోనే కావాలి. 'ఆబ్‌స్టినేట్' అంటే మొండి అని మధ్యమంలో ఉందనుకో, అది ఇంకో ఏడాదికి నేర్చుకున్నా ఏ బేరమూ చెడదు. తాలు కాయలను 'డిస్‌కలర్డ్ పాడ్స్' అంటారు. మిరపకాయకు కాయ అనే అర్థంలో 'పాడ్' అనే మాట వాడతారు. విరిగినవి 'బ్రోకెన్', రాలిన గింజలు 'లూజ్ సీడ్స్', తొడిమ 'స్టెమ్', తొడిమ తీసినవి 'స్టెమ్‌లెస్'. తేమ 'మాయిస్చర్', ఘాటు 'పంజెన్సీ'. ఈ మాటలు నీకు వస్తువుతో సహా తెలుసు, చేత్తో కాయ విరిచి తేమ చెప్పగలవు. ఎమ్మే ఇంగ్లీషు చదివినవాళ్లు తాలు కాయను గుర్తుపట్టలేరు. ఎగుమతి కంపెనీకి కావాల్సింది వస్తువు తెలిసిన మనిషి. ఆ మాటలు నీ నోటికి చేర్చుకోవడమే ఇప్పుడు మిగిలిన పని. కొట్లో తిరిగే ఇన్‌వాయిసులు, కోల్డ్ స్టోరేజ్ రసీదులు, యడ్లపాడు దగ్గరి స్పైసెస్ పార్కు వైపు వెళ్లే సరుకు కాగితాలు నీ కళ్ల ముందే ఉంటాయి. వాటిలో కనపడే ఇంగ్లీషు మాటలు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించు. కంపెనీల పేర్లూ ధరలూ ఎక్కించకు, మాటలు చాలు.

అర్థం రాసుకోవడంలోనూ ఒక జాగ్రత్త చెబుతాను. మాటకు ఎదురుగా ఒక్క తెలుగు మాట రాసి ఊరుకోకు. జాబితాల్లో 'వెస్సెల్: పాత్ర' అని ఉంటుంది. 'ద వెస్సెల్ సెయిల్స్ ఆన్ ఫ్రైడే' అని ఈమెయిల్ వస్తే గిన్నె ఎక్కడికి వెళ్తుంది? అక్కడ వెస్సెల్ అంటే ఓడ, రక్తనాళానికీ అదే మాట. 'ఇష్యూ: సమస్య' అని ఉంటుంది, 'ఇష్యూ ఎ రిసీట్' అంటే రసీదు ఇవ్వడం. అందుకే విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకో. అందులో అర్థాలను రెండు మూడు వేల తేలిక మాటల్లోనే చెబుతారు, కాబట్టి నువ్వు చదవగలవు. తెలుగు అర్థం చూడటం తప్పేమీ కాదు, తొందరగా పట్టు దొరుకుతుంది. కానీ దాని కింద నిఘంటువులోని ఉదాహరణ వాక్యాన్ని కూడా రాసుకో. మాట పక్కన ఏ మాటలు వస్తాయో ఆ వాక్యమే నేర్పుతుంది. అలాగే పేరు మాటల పక్కన సీ అనో యూ అనో చిన్న గుర్తు ఉంటుంది. సీ అంటే లెక్కపెట్టగలిగేది, యూ అంటే లెక్కపెట్టలేనిది. మనం వివరాలు అని బహువచనంలో అంటాం కాబట్టి 'ఇన్ఫర్మేషన్స్' అనేస్తాం. ఇంగ్లీషులో దానికి యూ గుర్తు, బహువచనం లేదు. ఎక్విప్‌మెంట్, లగేజ్, ఫర్నిచర్, అడ్వైస్ అన్నీ ఈ కోవవే. ఉద్యోగానికి రాసే ఉత్తరాల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ కనపడే తప్పులు ఇవే.

ఇప్పుడు నువ్వు అడిగిన ఉచ్చారణ ప్రశ్న. ఇది నాకు చాలా ముఖ్యమైనది, కొంచెం ఓపిగ్గా చదువు.

తెలుగు అక్షరాల్లో రాసుకోవడం తప్పు కాదు. మన లిపి కొన్నిటిలో ఇంగ్లీషు స్పెల్లింగు కన్నా ఎంతో నమ్మకమైనది. షిప్ అంటే ఓడ, షీప్ అంటే గొర్రె. హ్రస్వం, దీర్ఘం మన గుణింతంలోనే ఉన్నాయి కాబట్టి ఆ తేడా చక్కగా పట్టుకుంటాం. 'సింగ్' చివర నిజానికి గ లేదు, ముక్కుతో పలికే ఙ ఉంది. ఆ అక్షరం మన వర్ణమాలలో ఎప్పటినుంచో ఉంది, వాడకం లేక మరుగున పడింది. అయితే మన లిపికి అందని శబ్దాలూ ఉన్నాయి. బ్రిటిష్ ఇంగ్లీషులో అచ్చులు, హల్లులు కలిపి 44 శబ్దాలు అని లెక్క వేస్తారు. అక్షరాలు 26 మాత్రమే. మన లిపిలో 'వెయిట్' అనే బరువుకీ 'వేల్యూ' అనే విలువకీ ఒకే వ రాస్తాం. ఇంగ్లీషులో అవి వేరు. బరువులో పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి, పళ్లు తగలవు. విలువలో పై పళ్లు కింది పెదవికి తగులుతాయి. అద్దం ముందు నిలబడి రెండూ పలికితే రెండు రోజుల్లో వస్తుంది. 'సైజ్', 'ఫ్రోజెన్' మాటల్లో వినిపించేది మన జ కాదు, స పలుకుతూ గొంతు మోగిస్తే వచ్చేది. 'అడ్వైస్' అంటే సలహా, స తో ముగుస్తుంది. సలహా ఇవ్వడం అనే క్రియ ఆ మోగే శబ్దంతో ముగుస్తుంది. తెలుగులో రెండింటినీ అడ్వైజ్ అనే అంటున్నాం.

అన్నిటికన్నా పెద్ద లోటు ఊనిక. అంటే మాటలో ఒక భాగాన్ని గట్టిగా, కొంచెం సాగదీసి పలకడం. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట అర్థం మారదు, అందుకే మనకు దాని మీద ధ్యాస లేదు. అన్ని అక్షరాలకూ సమానంగా బరువు ఇచ్చి పలుకుతాం. ఇంగ్లీషు వినేవాడి చెవి ముందు ఊనికనే పట్టుకుంటుంది, మిగతా శబ్దాలను తర్వాత చూసుకుంటుంది. నువ్వు ప్రతి అక్షరం తప్పు లేకుండా పలికినా ఊనిక తప్పితే అవతలివాడు 'పార్డన్?' అంటాడు. నీకు దగ్గరి మాటే చూడు. 'ఎక్స్‌పోర్ట్' ఎగుమతి అనే పేరు అయితే ఊనిక 'ఎక్స్' మీద. ఎగుమతి చేయడం అనే క్రియ అయితే ఊనిక 'పోర్ట్' మీద. ఇంపోర్ట్, కాంట్రాక్ట్, పర్మిట్, రిఫండ్, రికార్డ్, ఇంక్రీజ్ ఇదే తీరు. పేరుకు ముందు భాగం, క్రియకు వెనక భాగం. 'ప్రొడ్యూస్' కూడా అంతే, 'ప్రొ' మీద ఊనితే పొలం నుంచి వచ్చిన పంట సరుకు, 'డ్యూస్' మీద ఊనితే ఉత్పత్తి చేయడం. అన్నీ ఇలా ఉంటాయనుకోకు. 'రిపోర్ట్' పేరైనా క్రియైనా వెనకే ఊనిక.

ఇంకో సూత్రం నీకు వందల మాటల్లో పనికొస్తుంది. 'షన్' అని ముగిసే మాటల్లో ఊనిక దానికి సరిగ్గా ముందున్న భాగం మీద పడుతుంది. కొటేషన్‌లో 'టే', ఇన్‌స్పెక్షన్‌లో 'స్పెక్', డాక్యుమెంటేషన్‌లో 'టే'. 'ఇటీ' అని ముగిసే మాటల్లోనూ అదే. హ్యుమిడిటీలో 'మి', క్వాలిటీలో 'క్వా'. 'ఇక్' అని ముగిసేవాటిలో చాలావరకు అంతే, ఎకనామిక్‌లో 'నా'.

క్రియల చివర వచ్చే ఈడీ సంగతి కూడా చూసుకో. మన పిల్లలు దాన్ని 'ఎడ్' అని ఒకే తీరుగా పలుకుతారు. మూడు తీర్లు ఉన్నాయి. ప్యాక్డ్ రాతలో ఎలా ఉన్నా నోట్లో 'ప్యాక్ట్', ఎందుకంటే క, ప, స, ష, చ, ఫ లాంటి మోగని శబ్దాల తర్వాత అది ట్ అవుతుంది. ట, డ శబ్దాలతో ముగిసిన క్రియల తర్వాత మాత్రమే 'ఇడ్' వస్తుంది, 'లోడిడ్', 'గ్రేడిడ్' అని. మిగతావాటికి డ్, 'డ్రైడ్', 'వెయ్‌డ్'. మీ కొట్లో రోజూ జరిగే పనులే ఇవన్నీ. సరుకు దిగుతున్నంతసేపు ఒక్కొక్కటి పైకి అనుకుంటూ ఉండు.

నిఘంటువులో మాట పక్కన గీతల మధ్య విచిత్రమైన అక్షరాలుంటాయి కదా, అవి 1886లో పారిస్‌లో మొదలైన ధ్వని పండితుల సంఘం రూపొందించిన లిపి. మొత్తం నేర్చుకోనక్కర్లేదు. నాలుగు గుర్తులు తెలిస్తే నీ పని జరుగుతుంది. పైన నిలువుగా ఉన్న చిన్న గీత ఊనికకు గుర్తు, అది ఊనాల్సిన భాగానికి ముందు ఉంటుంది, వెనక కాదు. తలకిందులుగా ఉన్న 'ఈ' అక్షరం నీరసంగా, నోరు సగమే తెరిచి పలికే అ, 'కన్‌సైన్‌మెంట్' మొదట వచ్చేది అదే. రెండు చుక్కలు దీర్ఘం. 'జే' అక్షరం కనపడితే అది మన య, జ అని చదవకు. దీని తర్వాత ఫోన్లో నిఘంటువు యాప్ తెరిచి, స్పీకర్ బొమ్మ నొక్కి రెండు మూడుసార్లు విని, అప్పుడు తెలుగులో రాసుకో. ఊనిక ఉన్న భాగం కింద గీత గియ్యి. పలకని అక్షరాన్ని కొట్టెయ్యి, రిసీట్‌లో పీ, డెట్‌లో బీ అలాంటివి. ముందు చెవి, తర్వాత కలం. నీ జాబితా ఈ వరసను తిరగేసింది, చిక్కంతా అక్కడే.

బ్రిటిష్ ఉచ్చారణా అమెరికనా అని కొందరు గింజుకుంటారు. మన చదువులన్నీ బ్రిటిష్ వైపు కాబట్టి ఆ స్పీకర్ బొమ్మే నొక్కు, ఏదో ఒకదాని మీద ఉండు. నీ తెలుగు యాస పోవాల్సిన పని లేదు. మన మిర్చి కొనే చైనా, బంగ్లాదేశ్, వియత్నాం వాళ్లకు ఇంగ్లీషు నీకు ఎంత పరాయిదో అంతే పరాయిది, వాళ్ల యాస వాళ్లకుంది. ఊనిక సరిగ్గా పడి, నెమ్మదిగా మాట్లాడితే ఎవరికైనా అర్థమవుతుంది.

మరుపు గురించి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగం చేసుకుని 1885లో చూపించాడు, బట్టీ పట్టినదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతుందని. కాబట్టి నీకు జ్ఞాపకశక్తి తక్కువని అనుకోకు. పోవడానికి ముందే మళ్లీ చూసుకుంటే ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువకాలం నిలుస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో దీనికి ఒక తేలిక పద్ధతి చెప్పాడు. చీటీకి ఒకవైపు మాట, రెండోవైపు అర్థం, వాక్యం. చీటీలకు ఐదు గళ్ల పెట్టె. కొత్త చీటీ మొదటి గడిలో. గుర్తొస్తే తర్వాతి గడికి, గుర్తు రాకపోతే ఎక్కడున్నా మళ్లీ మొదటి గడికి. మొదటి గడి రోజూ చూడు, రెండోది రెండు రోజులకోసారి, మూడోది వారానికోసారి, నాలుగోది పక్షానికి, ఐదోది నెలకు. పాత బిల్లుల వెనక తెల్లగా ఉన్నవైపు చీటీలకు సరిపోతుంది. చీటీ చూసేటప్పుడు మనసులో కాదు, పైకి పలుకు.

రోజుకు 50 మానెయ్యి. ఎనిమిది చాలు, అందులో ఐదు మొదటి దొంతర నుంచి, మూడు నీ నోటు పుస్తకం నుంచి. ఏడాదిలో 300 రోజులు చేసినా 2400 మాటలవుతాయి. జనవరి నుంచి సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లక్షల్లో దిగుతుంటే రాత్రి పదింటికి ఇంటికి చేరతావని నాకు తెలుసు. ఆ నెలల్లో కొత్త చీటీలు రాయకపోయినా ఫరవాలేదు, పాతవి మాత్రం తిప్పు. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు కొత్తవి రాసుకో.

నిఘంటువు కొత్తది కొనాలంటే ఖరీదు. విజయవాడ ఎప్పుడైనా వెళ్తే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల్లో చూడు. 'లర్నర్స్' అనే మాట అట్ట మీద ఉందో లేదో చూసి తీసుకో. పదేళ్ల కిందటి ముద్రణ అయినా మాటలేం మారిపోవు. జేబులో పట్టే ఇంగ్లీషు-తెలుగు బుల్లి నిఘంటువు మాత్రం కొనకు, మాటకు ఒక్క అర్థమే ఇచ్చి నిన్ను మళ్లీ వెస్సెల్ దగ్గరే వదిలేస్తుంది.

ఆ కంపెనీ ఆయన మళ్లీ ఫోను చేస్తే షావుకారుకి ఇవ్వకు. తెలియని మాట వస్తే 'కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?' అను. అప్పటికీ తెలియకపోతే 'కుడ్ యూ మెసేజ్ మి దట్ వర్డ్?' అను. ఫోన్లో స్పెల్లింగు చేతికొస్తుంది, మాట విన్న చెవికి చూసిన అక్షరాలు జోడవుతాయి. పనిచేసే చోట ఇలా అడగడం మర్యాదే.

మీ చెల్లెలికి ఈ పుస్తకం సరిపోదు. మొదటి 2000 మాటలు ఆమెకూ కావాలి, ఆ భాగం ఇద్దరూ కలిసి చీటీలు రాసుకోండి, ఒకరినొకరు అడుగుకోండి. రెండో దొంతర మాత్రం వేరు. డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ఏ సబ్జెక్టుకైనా వచ్చే మాటలను న్యూజిలాండ్‌లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000 సంవత్సరంలో 570 కుటుంబాలుగా జాబితా వేశారు. చదువుల పుస్తకాల్లో నూటికి సుమారు పది మాటలు ఇందులోవే. అకడమిక్ వర్డ్ లిస్ట్ అని వెతికితే ఉచితంగా దొరుకుతుంది. ఆమెను మాట ఒక్కటే కాక కుటుంబం మొత్తం ఒకే చీటీ మీద రాసుకోమను. ముందుగా 'ఎనలైజ్', 'ఎనాలిసిస్', 'ఎనలిటికల్' మూడూ స్పీకర్ బొమ్మ నొక్కి వినమను. మొదటిదానిలో ఊనిక మొదటి భాగం మీద, రెండోదానిలో రెండో భాగం మీద, మూడోదానిలో మూడో భాగం మీద పడుతుంది. మూడింటికీ సరైన చోట తనే గీత గియ్యగలిగాక రెండో కుటుంబానికి వెళ్లమను.